లో రకం

కంపెనీ ఇంజినీరు సుధీర్ అబద్ధం చెప్పి ఉంటే వరప్రసాదానికి ఇంత మంట ఉండేది కాదు. అబద్ధం చెప్పినోడిని నలుగురిలో నిలబెట్టి అడగొచ్చు. సుధీర్ అబద్ధం చెప్పలేదు. ఇంజినీరింగు చదివినోడు, ఏది నిజమో తెలిసినోడు, తెలిసి కూడా సెల్లు చూసుకుంటా చిన్నగా నవ్వినాడు. ఆ నవ్వు సోమవారం నుంచి వరప్రసాదం కళ్ళ ముందరే ఉండాది.

సోమవారం ఉదయగిరిలో కంపెనీ ఆఫీసు మేడ మీద మీటింగు జరిగింది. కిటికీ నిండా దుర్గం కొండ. ఫ్యానుకు కరెంటు లేదు. మర్రిపాడు దోవలో ఉండే తమ ఊరి బోరు సంఘం రైతులు పద్దెనిమిది మందీ బస్సెక్కి పోయి బెంచీల మీద ఇరుక్కోని కూర్చున్నారు. మూడు బోర్లు ఉమ్మడి, అందరివీ నిమ్మతోటలే. పోయినేడు ఈ కంపెనీవాళ్ళు వచ్చి ప్రతి తోటలో ఒక రాట, రాటకు బూడిదరంగు పెట్టె, పెట్టె కింద నేలలోకి గుచ్చిన ఒక పుల్ల పెట్టిపోయినారు. ఆ పుల్లను ఊళ్ళో నాలుక అంటారు. తెల్లారుజామున అయిదింటికి నాలుక నేలను రుచి చూస్తది. ఎండిందంటే ఆ తోట వాల్వు తనంతట తానే తెరుచుకుంటది. తడి ఉండాదంటే ఆ పూటకు నీళ్ళు లేవు. మనిషి చేత్తో తిప్పడానికి లేదు, వాల్వులకు తాళాలు.

మోటారు షెడ్డు చుట్టూ ఉండే పదకొండు తోటల పెట్టెలకు షెడ్డులోంచే కరెంటు తీగ పోతది. వాగు అవతల మిట్ట మీద ఉండే ఏడు తోటలకు తీగ చాలదని బ్యాటరీ, అరచెయ్యంత సోలారు పలక పెట్టినారు. ఆ ఏడూ సర్కారు పట్టాలిచ్చిన భూములు, ఊరి బయట పాలెం వాళ్ళవి. వరప్రసాదం తోట ఆ ఏడిట్లో ఒకటి. తోటమీద బతికే మనిషి కాదు అతను. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు ఉండాది. కానీ కొట్టు అన్నం పెడితే, తోట మర్యాద పెట్టింది.

మీటింగులో అతను నోటుబుక్కు పట్టుకోని లేచి నిలబడినాడు. తొమ్మిది దినాలు తెల్లారుజామున మీటరు పెట్టి కొలిచిన లెక్కలు దాంట్లో ఉండాయి.

"కొసాకర, వాగు అవతల ఏడు పెట్టెలు తప్పు చెప్తుండాయన్నా. నేల నెర్రెలిచ్చింటే తడి ఉండాదని చెప్తుండాయి. లోపల రెగ్యులేటరు సరింది కాదు. దాన్ని పీకేసి లో డ్రాపౌట్ రెగ్యులేటరు వెయ్యాల."

సంఘం పెద్ద వెంకటరమణ కండువాతో మెడ తుడుచుకుంటా ఉన్నోడు ఆగిపోయినాడు. "ఏందీ? లోనా?"

అంతే. గది గొల్లుమనింది.

"లో వోల్టేజీకి రెండు మోటార్లు కాలిపోయినాయి నాకు," అన్నాడు వెంకటరమణ. "లో పోగొట్టండి మహాప్రభో అని కరెంటాఫీసు మెట్లు అరిగేదాకా తిరిగితిమి. ఇప్పుడు నువ్వొచ్చి, ఏరి కోరి లో తెచ్చి పెట్టుకోమంటావా?"

"లో అంటే ఆ లో కాదన్నా..."

"అదొకటేనా?" అన్నాడు వెనక బెంచీ మీంచి రాజమోహన్, షెడ్డు పక్కన తోట వాడిది. "లో, దానికి తోడు డ్రాపౌటంట. బళ్ళో గూడా అట్టాంటోళ్ళను ముందు బెంచీలో కూర్చోబెట్టరు."

"ప్రసాదం గూడా ఏడో తరగతి డ్రాపౌటే గదా. అందుకే దానిమీద అంత ప్రేమ," అని ఇంకెవరో అందుకున్నారు. నవ్వులు. వాగు అవతల వాళ్ళు కూడా నలుగురితో పాటు నవ్వినారు.

వరప్రసాదానికి చేతుల్లో ఉండే విద్య నోట్లోకి రాలేదు. అతుకులు వేసే కడ్డీ చేతికిస్తే చూపించేవాడు. నోటుబుక్కు పేజీ ఒకటి తిప్పినాడు, మళ్ళా వెనక్కి తిప్పినాడు.

వెంకటరమణ సుధీర్ వైపు తిరిగినాడు. "నువ్వు చెప్పబ్బాయ్. ఇప్పుడు మన పెట్టెల్లో ఉండేది లోనా, హైనా?"

సుధీర్ తల పైకెత్తినాడు. వరప్రసాదం కళ్ళలోకి ఒకసారి చూసినాడు కూడా. "మనది హెవీ కెపాసిటీ సార్. వన్ ఆంపియర్ ఇస్తుంది."

"అదీ మాట!" అని బల్ల మీద చరిచినాడు వెంకటరమణ.

ఒక ఆంపియరు ఇచ్చేది నిజమే. నాలుకకు కావలసింది దాంట్లో ఇరవయ్యో వంతు గూడా లేదు. కోడిగుడ్డు మోసేదానికి లారీ పిలిచినట్టు. ఆ లారీ ఉత్త పుణ్యానికి ఎంత డీజిలు తాగుతాదో అడిగినోడు లేడు, తెలిసినోడు చెప్పలేదు. సెల్లులోకి చూసి నవ్వినాడు. టీలు వచ్చినాయి. వరప్రసాదం టీ తాగకుండా మెట్లు దిగి బస్టాండుకు వచ్చేసినాడు.

*

మంగళవారం అయిదింటికి ముందే తోటలో ఉన్నాడు. ఆకులు దోసిలి పట్టినట్టు ముడుచుకోని ఉండాయి. గోలీ అంత కాయలు చెట్ల కింద రాలి, నడిస్తే చెప్పుల కింద పటపటమంటుండాయి. ఎండాకాలం కాయకే ధర. తొమ్మిదేళ్ళ చెట్లు, ఈ ఏడే చేతికొచ్చే కాపు.

పెట్టె అడుగున కంపెనీ మనుషులు పరీక్ష చేసుకునేదానికి మూడు సూదిబెజ్జాలు ఉండాయి. వాటికి సీలు అడ్డం రాదు. మీటరు సూదులు పెట్టినాడు. బ్యాటరీ మూడు పాయింట్ ఆరు వోల్టులు. నాలుకకు పొయ్యేది రెండు పాయింట్ ఆరు. నడిమధ్య ఒక వోల్టు మాయం. నాలుకకు మూడుం పావు ఉంటే గానీ సరిగ్గా మాట్లాడలేదు.

"ఒరే ప్రసాదూ, ఇట్టా రా."

గట్టు అవతల శీనమ్మ. అరవై దాటిన మనిషి, మొగుడు పోయినాక తోటంతా ఒంటిచేత్తో చేసుకుంటాది. మనవరాలు జెస్సికా ఫోను చేతిలో పట్టుకోని ఉండాది.

"ఈడ చూడు. పచ్చ బొట్టు. తడి ఉండాదంట." వంగి మట్టిగడ్డ ఒకటి తీసి గుప్పిట్లో నలిపింది. పొడి వేళ్ళ సందుల్లోంచి పొగలాగా పొయింది. "నా తోటలో పచ్చగా ఉండేది ఈ ఫోనొక్కటే."

"పెట్టె తప్పు కాదత్తా, లోపలుండే దళారి తప్పు."

"పెట్టెలో దళారి ఎవడ్రా?"

వరప్రసాదం గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు కాయలు మార్కెట్టుకు ఏస్తే దళారి తన వాటా తీసుకోకుండా వదలడు గదా. ధర బాగుండే దినం వాడెంత తీసుకున్నా నీకు నొప్పి తెలియదు. ధర పడిపోయిన దినం గూడా అంతే తీసుకుంటే?"

"కోతకూలి గూడా రాదు."

"అదే. బ్యాటరీ నుంచి నాలుకకు కరెంటు పంపించేవాడు ఈ రెగ్యులేటరు. వాడు ఒక వోల్టు తన గోచిలో దోపుకోని మిగిలింది ఇస్తాడు. మధ్యాన్నం ఎండకు బ్యాటరీ నిండుగా ఉంటది, ఏదో సరిపోతది. తెల్లారేటప్పటికి బ్యాటరీ నీరసపడతది, వీడు మాత్రం తన వోల్టు తను తీసుకుంటాడు. మిగిలిందాంతో నాలుక గొంతు లేవదు. గొంతు తగ్గితే తడి అని లెక్క, పెరిగితే ఎండు అని లెక్క. షెడ్డు కాడ ఉండేవాళ్ళకు అయిదు వోల్టులు పోతది, వాళ్ళ దళారి ఎంత తిన్నా కడుపు నిండతది."

"అయితే ఆ లో లో అంటివే..."

"తక్కువ తినే దళారి. ఎంత నీరసంలో గూడా కాణీ తీసుకోని రూపాయి చేతిలో పెట్టేవాడు."

శీనమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఓరి నీ పాసుగాల! ఈ ముక్క ఉదయగిరిలో చెప్తే నీ సొమ్మేం పొయ్యేదిరా?"

"అప్పుడు నోరు రాలేదత్తా."

"ఇప్పుడు చెయ్యి వస్తదా?"

వరప్రసాదం పెట్టె వైపు చూసినాడు. మూతకు తీగ చుట్టి, సీసపు బిళ్ళతో కంపెనీ సీలు. సీలు కోసినోడి పేరు సంఘం పుస్తకంలోంచి కొట్టేస్తారు. పేరు లేనోడికి ఇక వాల్వు తెరుచుకోదు. అది పద్దెనిమిది మందీ సంతకాలు పెట్టిన రూలు. మిట్ట మీద సొంతంగా బోరు వేస్తే రాయి తప్ప ఏమీ పడదని అందరికీ తెలుసు. సీలు కోస్తే నీళ్ళు పోతాయి, కొయ్యకపోతే చెట్లు పోతాయి.

"ఎన్ని దినాలు తట్టుకుంటాయిరా చెట్లు?" అని అడిగింది శీనమ్మ.

అతను చెట్టు కొస కొమ్మ ఒకటి వంచి చూసినాడు. వంగలేదు. టప్పున విరిగింది.

*

బుధవారం ఆత్మకూరు కొట్టులో టీవీలు పక్కకు నెట్టి బల్ల ఖాళీ చేసినాడు. చెన్నై నుంచి బస్సు పార్సిల్లో పది రెగ్యులేటర్లు వచ్చినాయి. శనక్కాయ గింజంత నల్లవి, మూడేసి కాళ్ళు. నెల కిందటే ఏది తెప్పించాల అని నాలుగు రకాల కాగితాలు ముందేసుకోని, జెస్సికా చేత ఇంగ్లీషు చదివించుకోని ఎంచినవి. ఒకటి తక్కువే మింగుతాదని రాసి ఉండాది గానీ, పని లేనప్పుడు గూడా కూర్చోని తింటాది. ఇంకొకటి తినదు గానీ, పెట్టె రేడియో సంకేతం పంపే క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటుకు చతికిలపడతది. మూడోది బాగుండాది గానీ, కాళ్ళు లేవు, కంటికి ఆననంత చిన్నది. అతుకు వెయ్యాలంటే యంత్రం కావాల. ఇదొక్కటే అన్నిటికీ ఆగింది. నలభై మిల్లీ ఆంపియర్ల దగ్గర మింగేది వోల్టులో పదో వంతు కూడా కాదు. పని లేనప్పుడు తినేది చీమ ఆకలి.

కాగితం మీద నమ్మకం లేదు అతనికి. బజార్లో దొంగ సరుకు ఎక్కువ. పదింటినీ ఒక్కొక్కటిగా బల్లకు కట్టి, మూడు పాయింట్ ఆరు వోల్టులు లోపలికి పెట్టి, నాలుక లాగినంత లాగి చూసినాడు. ఎనిమిదింటికి మీటరు మూడు పాయింట్ మూడు దగ్గర గుంజకు కట్టేసిన గొడ్డులాగా నిలబడింది. రెండిట్లో మూడుకు జారింది. ఆ రెంటినీ కాళ్ళు తుంచి చెత్తలో పారేసినాడు, ఇంకెవరి చేతికీ పోకుండా.

మధ్యాన్నం పెళ్ళాం లిదియమ్మ క్యారియరు తెచ్చింది. బల్ల మీద ఉండేది చూసింది. క్యారియరు గట్టిగా దించింది.

"కొయ్యబోతుండావా?"

"మన పెట్టె ఒక్కటే కోస్తే మన పెట్టె మీదే కన్ను పడతది. ఏడూ చేస్తా."

"ఏడు చేస్తే ఏడుగురి మీదా కన్ను పడదా? ఆ ఇంజినీరు కాళ్ళు పట్టుకోని అడగరాదా, వాడే మారుస్తాడు?"

"తెలియనోడైతే కాళ్ళు పట్టుకోని చెప్తా. తెలిసినోడి కాళ్ళు నేను పట్టుకోను."

"నీ రోషం తగలెయ్య," అంది లిదియమ్మ, కానీ పప్పు అన్నంలోకి ఊరగాయ కొంచెం ఎక్కువే వేసింది.

గురువారం ఎండ తిరిగినాక పని మొదలుపెట్టినాడు. స్కూటరు బ్యాటరీకి కడ్డీ తగిలించినాడు. గాలికి కడ్డీ వేడి నిలవకుండా శీనమ్మ గొడుగు అడ్డం పట్టింది. సీలు తీగ కోసేటప్పుడు మాత్రం, "నువ్వు అటు తిరుగత్తా, నువ్వు చూళ్ళేదు," అన్నాడు. ఆమె అటు తిరిగి గొడుగు ఇటు పట్టింది.

పాతదానికి నడిమి కాలు బయటికిచ్చేది, చివరి కాలు లోపలికి తీసుకునేది. కొత్తదానికి తారుమారు. తెలియక అట్నే పెడితే నాలుకతో సహా కాలిపోతది. రెండు కాళ్ళూ ఒకదాని మీదొకటి వంచి, తగలకుండా ఒకదానికి పచ్చ గొట్టం తొడిగినాడు. పక్కన కందిపప్పంత కెపాసిటరు. అది లేకపోతే వోల్టేజి జ్వరమొచ్చినోడిలాగా వణుకుతాది. సీసం కరిగి, కాలి చుట్టూ మెరిసి, ఆరి, మసకబారకుండా నిలిచేదాకా ఊపిరి బిగబట్టినాడు. చీకటి పడేలోపు నాలుగు. శుక్రవారం ఎండ ముదరకముందే మూడు.

శనివారం అయిదింటికి వాల్వులు చూసే పెంచలయ్య షెడ్డులోంచి కేక వేసినాడు. "ఏందిరా ఇది, వాగు అవతల ఏడూ ఎర్ర బొట్లే!" వాడి మాట పూర్తి కాకముందే మిట్ట మీద వాల్వులు ఒకటొకటిగా కిర్రుమని తిరిగినాయి. డ్రిప్పు గొట్టాల్లోంచి ముందు గాలి బుసకొట్టింది, తర్వాత తుప్పునీళ్ళు, తర్వాత నీళ్ళు. వరప్రసాదం చెట్టు పాదులో చెయ్యి పెట్టి, నేల తాగే చప్పుడు వింటా కూర్చున్నాడు. అట్టాంటి చప్పుడు ఆ తోటలో విని నలభై దినాలయింది.

*

ఆదివారం ఆరాధన అయిపొయ్యి జనం ఇళ్ళకు పోతా ఉంటే జీపు వచ్చింది. వెంకటరమణ, సుధీర్ దిగినారు. వెనకనే షెడ్డు పక్క రైతులు. సంఘం పుస్తకం చంకలో పెట్టుకోని పెంచలయ్య.

శీనమ్మ తోటలో పెట్టె ముందర అందరూ గుంపు కట్టినారు. సీలు లేదు. సుధీర్ మూత తీసినాడు. చాలాసేపు లోపలికి చూసినాడు. పచ్చ గొట్టాన్ని గోటితో తాకినాడు. బెజ్జాల్లో మీటరు పెట్టినాడు. మొహం ఎత్తి గుంపులో వరప్రసాదాన్ని వెతికి పట్టుకున్నాడు.

"ఏమబ్బాయ్?" అన్నాడు వెంకటరమణ. "ఎవురు ముట్టుకున్నారు దీన్ని?"

పాలెం వాళ్ళు ఒక్కరూ కదల్లేదు. శీనమ్మ చేతిలో బైబిలు గుండెకు ఆనించుకోని నేలకేసి చూస్తా ఉండాది. పెట్టె ఆమె తోటది. అడిగితే ముందు ఆమెనే అడగాల.

సుధీర్ మీటరు సూదులు బయటికి తీసినాడు. "మేమే సార్. మా టెక్నీషియన్లు వచ్చి మార్చినారు. కొత్త వెర్షన్. సీళ్ళు వెయ్యడం పెండింగు, అందుకే ఈ రోజు వచ్చినా." సంచిలోంచి తీగ, సీసపు బిళ్ళలు బయటికి తీసినాడు.

శీనమ్మ ఊపిరి వదిలింది. లిదియమ్మ వరప్రసాదం చొక్కా కొసను మెల్లగా పట్టుకుంది. ఏడు తోటలూ బతికిపోయినాయి. ఒక్కరి పేరూ పోదు. ఊరకే నిలబడుకుంటే చాలు.

"కొత్త వెర్షనంటే?" అన్నాడు వెంకటరమణ.

సుధీర్ తీగ విప్పుతా ఉన్నాడు. "హై... హై పెర్ఫార్మెన్సు సార్."

"చూసినారా!" వెంకటరమణ గుంపు వైపు తిరిగినాడు. మొహం వెలిగిపోతా ఉండాది. "ఉదయగిరిలో నేనేం చెప్పినా? హై వెయ్యమని చెప్పినానా లేదా? నీళ్ళు పారినాయా లేదా?"

"నీ మాట నిజమన్నా," అన్నాడు రాజమోహన్. వరప్రసాదం భుజం మీద చెయ్యేసినాడు, ఎగతాళిగా కూడా కాదు, ప్రేమగానే. "వింటివా ప్రసాదం? నీ మాట విని ఆ లో రకం ఏసుకోని ఉంటే మీ గతి ఏమయ్యుండేదో ఆలోచించు. చదువుకున్నోళ్ళు చదువుకున్నోళ్ళేరా."

సుధీర్ మూత మూసి తీగ చుట్టడానికి వంగినాడు. వరప్రసాదానికి మాత్రం వినబడేటట్టు, "అయిపోయిందన్నా, వేసేస్తున్నా," అన్నాడు. దాంట్లో దయ ఉండాది. ఆ దయే ఓర్చుకోలేకపోయినాడు వరప్రసాదం. తన్నినా పడేవాడేమో.

చొక్కా కొస లిదియమ్మ చేతిలోంచి జారిపోయింది.

"సీలు వెయ్యబాక."

అందరూ తిరిగినారు.

"టెక్నీషియన్లు రాలేదు, ఎవురూ రాలేదు. మార్చింది నేను. ఏడు పెట్టెలూ నేనే కోసినాను, వీళ్ళనెవరినీ అడగలేదు, వీళ్ళకెవరికీ చెప్పలేదు. లోపలుండేది హై కాదు రమణన్నా. లో డ్రాపౌట్. ఉదయగిరిలో నేను చెప్పినానే, మీరంతా నవ్వినారే, అది. నిన్నటి నుంచి ఆ లో రకమే నీళ్ళు పారిస్తా ఉండాది."

ఈసారి మాటలు ఎక్కడా అడ్డం పడలేదు. అది అతనికే వింతగా ఉండింది.

"ఒరే, నోరు ముయ్యి," అంది శీనమ్మ గుసగుసగా. ఆలస్యమైపోయింది.

వెంకటరమణ మొహంలో వెలుగు ఆరిపోయింది. "ఏమబ్బాయ్, నిజమేనా?"

సుధీర్ చేతిలో సీసపు బిళ్ళ అట్నే ఉండాది. సెల్లు జేబులోనే ఉండాది, తియ్యలేదు. "నిజమే సార్," అన్నాడు. "మా వాళ్ళు రాలేదు. పని... పని మాత్రం సరిగ్గా ఉంది. ఆ పార్టే వెయ్యాల్సింది మొదటి నుంచి."

వాగు మీంచి గాలి వచ్చి నిమ్మాకులు కదిలినాయి. ఎవరూ నవ్వలేదు. రాజమోహన్ చెయ్యి భుజం మీంచి తీసేసినాడు.

"పని సంగతి తర్వాత," అన్నాడు వెంకటరమణ, గొంతు మామూలు చేసుకోని. "సీలు కోస్తే ఏందో రూలు ఉండాది. నేను రాసింది కాదు, అందరం రాసుకున్నది. ఇయ్యాల నిన్ను వదిలితే రేపు ఇంకొకడు కోస్తాడు. నువ్వే చెప్పు ప్రసాదం, రూలా కాదా?"

"రూలే," అన్నాడు వరప్రసాదం.

"పెట్టె నాది, నన్ను కొట్టెయ్యండి," అని శీనమ్మ ముందుకు వచ్చింది.

"నువ్వు చూళ్ళేదత్తా. అటు తిరిగుంటివి."

సుధీర్ ఆరు పెట్టెలకు కొత్త సీళ్ళు వేసినాడు. లోపల పచ్చ గొట్టాలు ఎక్కడివక్కడే ఉండిపోయినాయి. ఏడోదైన వరప్రసాదం తోటలో పెంచలయ్య వాల్వు తీగ ఊడదీసి చుట్ట చుట్టినాడు. చుట్టేటప్పుడు వరప్రసాదం మొహం చూడలేదు. పుస్తకం జీపు బానెట్టు మీద తెరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలుతో చూపించినాడు. వరప్రసాదం పెన్ను తీసుకున్నాడు. పెట్టేముందు, కొట్టేసిన వరస తనే చదువుకున్నాడు, వత్తులతో సహా, ఒక్కొక్క అక్షరం.

వరస పదిహేడు. వరప్రసాదం. నిమ్మ, తొమ్మిదేళ్ళ చెట్లు, నూట ఇరవై. ఎకరా పద్నాలుగు సెంట్లు.